వెనుక వరుసలో కంప్యూటర్‌: గిరాకీ లేకనా.. కనిపించకనా?

నరసరావుపేట: పట్టణంలోని పెద్ద ఎలక్ట్రానిక్స్‌ దుకాణాల్లో దేని గడప దాటినా ముందుగా ఎదురయ్యేవి సెల్‌ఫోన్లే. అద్దాల బల్లల మీద వరుసగా పేర్చిన ఫోన్లు, ఒక్కో కంపెనీ రంగు చొక్కా తొడుక్కున్న కుర్రాళ్లు, గోడల నిండా నిలువెత్తు టీవీలు, వాటి వెనుక రిఫ్రిజిరేటర్లు, వాషింగ్‌ మెషీన్లు. కంప్యూటర్లు ఎక్కడున్నాయని అడిగితే తప్ప కానరావు. మెట్ల కిందనో, పై అంతస్తులో ఓ మూలనో ఒక బల్ల ఉంటుంది. దానిపై ఆరేడు ల్యాప్‌టాప్‌లు తీగలతో కట్టేసి ఉంటాయి. వాటిలో సగానికి తెరలు ఆరిపోయి ఉంటాయి. టీవీలు పొద్దస్తమానం వెలుగుతూనే ఉన్నా ల్యాప్‌టాప్‌ను మాత్రం కొనేవారు అడిగాకే వెలిగిస్తారు. డెస్క్‌టాప్‌ ఊసే లేదు. దుకాణం మొత్తంలో పనిచేస్తున్న డెస్క్‌టాప్‌ ఏదైనా ఉందంటే అది బిల్లులు కొట్టే చోట ఉన్నదొక్కటే. అది అమ్మకానికి కాదు.

ఈ దృశ్యం చూసినవారు కంప్యూటర్‌కు కాలం చెల్లిందని, సెల్‌ఫోనే అన్నింటినీ మింగేసిందని తేల్చేయడం సహజం. ఇదే పట్టణంలో కాకినాడ జేఎన్‌టీయూకు చెందిన ఇంజినీరింగ్‌ కళాశాల ఉంది. చుట్టుపక్కల ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. కంప్యూటర్‌ సైన్స్‌ సీటు కోసం తల్లిదండ్రులు ఎంతటి ప్రయాస పడుతున్నారో కౌన్సెలింగ్‌ రోజుల్లో అందరూ చూస్తున్నదే. కంప్యూటర్‌ చదువుకు ఇంతటి ఆదరణ ఉన్న చోట కంప్యూటర్‌ అనే వస్తువు దుకాణంలో వెనుక వరుసకు చేరడం ఎలా సాధ్యం? ఈ రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం చెబుతున్నట్లే. నిశితంగా పరిశీలిస్తే అబద్ధం చెబుతున్నది దుకాణంలోని అమరికేనని తెలుస్తుంది. అయితే అది పూర్తి అబద్ధమూ కాదు.

ఉప్పు బస్తా న్యాయం

పల్లెటూరి కిరాణా కొట్టును గుర్తుచేసుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. బిస్కెట్లు, చాక్లెట్ల సీసాలు ఎదురుగా, చేతికందే ఎత్తులో ఉంటాయి. బియ్యం బస్తాలు లోపలి గదిలో ఉంటాయి. ఒకప్పుడు ఉప్పు బస్తాను రాత్రివేళ కూడా అరుగు మీదే వదిలేసి కొట్టు కట్టేసేవారు. గిరాకీ లేక కాదు. ఉప్పు కావాల్సినవాడు ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చి కొంటాడు. బిస్కెట్టు అలా కాదు, కంటపడితేనే పిల్లవాడు మారాం చేస్తాడు. చూసి కొనే సరుకు ముందుకు, అవసరమై కొనే సరుకు వెనక్కు. వ్యాపారంలో ఇది తరతరాల సూత్రం.

ల్యాప్‌టాప్‌ రెండో కోవకు చెందుతుంది. దారిన పోతూ అద్దంలో చూసి ముచ్చటపడి ల్యాప్‌టాప్‌ కొనేవారు మండలానికి ఒక్కరు కూడా ఉండరు. కొడుకుకో, కుమార్తెకో సీటు వచ్చాక, కళాశాలలో సీనియర్లు ఫలానా ప్రాసెసర్‌, ఇంత ర్యామ్‌ ఉండాలని చీటీ రాసిస్తే, ఆ చీటీ పట్టుకుని కుటుంబ సమేతంగా వస్తారు. వారికి దారి చూపే బోర్డు అక్కర్లేదు. మూడో అంతస్తులో ఉన్నా ఎక్కుతారు. పైగా ఒకసారి కొన్నాక చదువు పూర్తయ్యే వరకు, అంటే నాలుగైదేళ్లు ఆ ఇంటి నుంచి మళ్లీ బేరం ఉండదు. సెల్‌ఫోన్‌ రెండు మూడేళ్లకే మారుతుంది. దానితో పాటు కవరు, గాజు పొర, చార్జరు, బీమా అంటూ చిన్న చిన్న బేరాలు పుట్టుకొస్తాయి. అడుగు స్థలానికి అద్దె కడుతున్న యజమాని ఆ అడుగులో రోజుకు ఎన్నిసార్లు బేరం తెగుతుందని చూస్తాడు. ఈ లెక్కలో ల్యాప్‌టాప్‌ ఓడిపోతుంది.

మరో సంగతి బయటి వారికి అంతగా తెలియదు. పెద్ద దుకాణాల్లో ముందు వరుసలోని బల్లలు, వెలిగే బోర్డులు, రంగు చొక్కాల కుర్రాళ్లు చాలావరకు ఆయా కంపెనీలు ఏర్పాటు చేసుకున్నవే. ఆ చోటు కోసం కంపెనీలు దుకాణదారులకు ఏదో ఒక రూపంలో ముట్టజెబుతాయి. చిన్న పట్టణాల్లో సెల్‌ఫోన్‌ కంపెనీలు పెట్టినంత ఖర్చు కంప్యూటర్‌ కంపెనీలు పెట్టవు. కాబట్టి ముందు వరుస అనేది జనం ఏం కోరుకుంటున్నారన్న దానికన్నా, ఏ కంపెనీ ఎంత ఖర్చు చేస్తున్నదన్న దానికే ఎక్కువ అద్దం పడుతుంది.

జరిగే బల్ల

అలాగని అమరిక ఏమీ చెప్పదనుకోవడం పొరపాటు. అది ఒక్క రోజు చూస్తే చెప్పదు, ఏడాది పొడవునా గమనిస్తే చెబుతుంది. మార్చి వచ్చిందంటే కూలర్లు, ఏసీలు ద్వారం దాకా పేరుకుపోతాయి. ల్యాప్‌టాప్‌ బల్ల మెట్ల కిందకు వెళుతుంది. మేలో ఈఏపీసెట్‌ ముగిసి, ఫలితాలు వెలువడి, కౌన్సెలింగ్‌ మొదలయ్యేసరికి కూలర్లు గోదాముకు చేరతాయి. బల్ల నెమ్మదిగా ముందుకు కదులుతుంది. తరగతులు ఆరంభమయ్యే ఆగస్టు నాటికి అది ద్వారానికి అతి సమీపంలో ఉంటుంది. ‘విద్యార్థులకు ప్రత్యేకం’ అన్న బోర్డు, ఉచిత సంచి, మౌస్‌ ప్రకటనలు అప్పుడే పుట్టుకొస్తాయి. దసరా దగ్గర పడగానే టీవీలు ఆ స్థలాన్ని ఆక్రమిస్తాయి. ఈ బల్ల ప్రయాణాన్ని గమనిస్తే పల్నాడులో కంప్యూటర్‌ గిరాకీ అంటే దాదాపుగా ఇంజినీరింగ్‌ ప్రవేశాల గిరాకీయేనని స్పష్టమవుతుంది. ఇంటి అవసరానికి, చిల్లర వ్యాపారానికి, పదో తరగతి పిల్లల చదువుకు కంప్యూటర్‌ కొనే అలవాటు ఇక్కడ ఇంకా వేళ్లూనుకోలేదు. ఉండి ఉంటే ఆ బల్ల ఏడాది పొడవునా ఒకే చోట నిలబడేది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. జిల్లాలో రైతు చేతికి డబ్బు వచ్చే కాలం వేరు, ల్యాప్‌టాప్‌ అవసరం వచ్చే కాలం వేరు. మిర్చి కోతలు సాగి, గుంటూరు యార్డుకు సరుకు చేరి, డబ్బు చేతికందేది సంక్రాంతి తర్వాత నుంచి వేసవి వరకు. కళాశాల తెరిచేది ఆగస్టులో. అప్పటికి ఆ డబ్బు విత్తనాలు, ఎరువులు, కౌలు రూపంలో నేలలో కలిసిపోయి ఉంటుంది. మిరప నారు పోసి, నాటు వేసే రోజులవి. ఇంట్లో నగదు అడుగంటిన సమయంలోనే నలభై, యాభై వేల రూపాయల వస్తువు కొనాల్సి వస్తుంది. ఏసీ కొనే పట్టణ ఉద్యోగికి ఈ ఇబ్బంది లేదు. జీతం ప్రతి నెలా వస్తుంది.

ధర చిన్నది.. వాయిదా పెద్దది

ల్యాప్‌టాప్‌ ముందుంచే కార్డును చూస్తే ఈ చిక్కు దుకాణదారుకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. కార్డుపై అన్నింటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ధర కాదు, నెలవారీ వాయిదా. దాని కింద కొట్టివేసిన గరిష్ఠ చిల్లర ధర. ఆ కింద చిన్న అక్షరాల్లో అసలు ధర. ప్రాసెసర్‌ ఏ తరానిది, ర్యామ్‌ తర్వాత పెంచుకునే వీలుందా లేదా, బ్యాటరీకి వారంటీ ఎంతకాలం అన్నవి చాలాచోట్ల అసలే ఉండవు. ఏఐ అని రాసిన మెరుపు స్టిక్కరు మాత్రం కొత్త మోడళ్ల మూతపై తప్పకుండా ఉంటోంది. అది దేనికి పనికొస్తుందని అడిగితే అమ్మకందారు మాట మార్చడం పరిపాటి. టీవీలు అమ్మే కుర్రాడే ల్యాప్‌టాప్‌లూ అమ్ముతున్న చోట అతణ్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

వడ్డీ లేని వాయిదా అన్న మాటకు ఆకర్షణ ఎక్కువ. వినియోగ వస్తువులపై సున్నా శాతం వడ్డీ అన్న భావనే లేదని, ఆ వడ్డీని రుసుముల రూపంలోనో మరో విధంగానో కొనుగోలుదారుపైనే మోపుతున్నారని రిజర్వ్‌ బ్యాంక్‌ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు జారీ చేసిన ఆదేశాల్లో స్పష్టం చేసింది. నేటికీ ప్రాసెసింగ్‌ రుసుం, నగదుపై ఇచ్చే తగ్గింపు వాయిదాపై ఇవ్వకపోవడం వంటి మార్గాల్లో ఆ భారం పడుతూనే ఉంది. పైగా రుణ చరిత్ర నమోదై ఉన్నవారికే ఈ సౌకర్యం సులువుగా దక్కుతుంది. భూమి పత్రం గానీ, జీతం చీటీ గానీ లేని కౌలు రైతుకు దుకాణంలోని ఫైనాన్స్‌ బల్ల దగ్గర తిరస్కారమే ఎదురవుతుంది. అటువంటి కుటుంబాలు బంధువుల పేరుతో వాయిదాలు పెట్టించుకోవడం, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నగదు చెల్లించడం కొత్తేమీ కాదు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. వడ్డీ లేదన్న బోర్డు కిందే ఈ లావాదేవీ పూర్తవుతుంది.

బోధన రుసుం తిరిగి చెల్లింపు పథకాలు ఫీజుకు సంబంధించినవి. ల్యాప్‌టాప్‌ ఖర్చు వాటిలో లేదు. కోర్సు పూర్తి చేయడానికి అవసరమైతే కంప్యూటర్‌ కొనుగోలును కూడా విద్యా రుణంలో కలుపుకొనే వెసులుబాటు బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంలో ఉంది. రుణానికి దరఖాస్తు చేసేటప్పుడే ఖర్చుల పట్టికలో దాన్ని చేర్చాలి. ఈ సంగతి తెలియక ఫీజు వరకే రుణం తీసుకుని, ఆపై ల్యాప్‌టాప్‌ కోసం అంతకన్నా అధిక వడ్డీకి వెళ్తున్న కుటుంబాలే ఎక్కువ.

మేడ మీది గది నుంచి మెట్ల కిందకు

కంప్యూటర్‌ అమ్మకాల తీరు మొదటి నుంచీ ఇలా లేదు. 1990 దశకం చివర, 2000 దశకం ఆరంభంలో ఎలక్ట్రానిక్స్‌ దుకాణానికీ కంప్యూటర్‌కూ సంబంధమే లేదు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనో, విజయవాడలోనో మేడ మీది గదిలో డీలరు ఉండేవారు. ఏసీ గది, గుమ్మం బయట చెప్పులు, యంత్రంపై ప్లాస్టిక్‌ ముసుగు. పూజ గదిలోకి వెళ్తున్నంత జాగ్రత్తగా లోనికి అడుగుపెట్టేవారు. ప్రదర్శనకు ఒకటే యంత్రం ఉండేది. కొనేవారికి ఇచ్చేది వస్తువు కాదు, కొటేషన్‌ కాగితం. మదర్‌బోర్డు ఇంత, మానిటర్‌ ఇంత, కేబినెట్‌ ఇంత అని విడివిడిగా రాసేవారు. ఆ విడిభాగాలు సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చినాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ నుంచో, చెన్నై రిచీ స్ట్రీట్‌ నుంచో బస్సులో వచ్చేవి. హైదరాబాద్‌లో 1998లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైన తర్వాత జిల్లాల్లో కంప్యూటర్‌ శిక్షణ సంస్థలు వెలిశాయి గానీ, ఇంటికి కంప్యూటర్‌ కొనడం అప్పటికి డాక్టర్లు, లెక్చరర్లు, డీటీపీ కేంద్రాల వారికే పరిమితం. హెచ్‌సీఎల్‌ 2005లో పది వేల రూపాయల లోపు కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు అది వార్త అయింది.

2000 దశకం ద్వితీయార్ధంలో ఇంజినీరింగ్‌ కళాశాలలు ఊరూరా పెరిగాయి. ఫీజుల చెల్లింపు పథకంతో పేద ఇళ్ల పిల్లలు సైతం చేరారు. ల్యాప్‌టాప్‌ ధరలు దిగివచ్చాయి. బహుళ వస్తువుల గొలుసు దుకాణాలు జిల్లా పట్టణాల్లో అడుగుపెట్టినప్పుడు వాటి ముందు అద్దంలో ఉన్నది ల్యాప్‌టాపే. సెల్‌ఫోన్‌ అప్పటికి బల్ల సొరుగులో ఉండే చిన్న వస్తువు. స్మార్ట్‌ఫోన్‌ రాకతో స్థానాలు తారుమారయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై డేటా చవక అయ్యాక ఇంటర్నెట్‌ కోసం కంప్యూటర్‌ కొనాల్సిన అవసరం పూర్తిగా తొలగిపోయింది. పాటలు, సినిమాలు, రైలు టికెట్లు, పరీక్షా ఫలితాలు అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. వాటికోసం కంప్యూటర్‌ కొందామనుకున్న ఇళ్లన్నీ ఆ ఆలోచన విరమించుకున్నాయి. నిజంగా కంప్యూటర్‌పైనే చేయాల్సిన పని ఉన్నవారు మాత్రమే మిగిలారు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌ విధించిన తర్వాత కొన్ని నెలల పాటు అంతా తలకిందులైంది. ఆన్‌లైన్‌ తరగతులు, ఇంటి నుంచి ఉద్యోగాలతో ప్రదర్శన బల్లలు ఖాళీ అయ్యాయి. తీగలు మాత్రమే మిగిలిన బల్లలు అప్పట్లో దర్శనమిచ్చాయి. చూపించడానికి ఉంచినవి కూడా అమ్ముడుపోయాయి. బల్ల ఖాళీగా ఉంటే గిరాకీ లేదనుకోవాలా, ఎక్కువైందనుకోవాలా? ఆ ఏడాది రెండో అర్థమే సరైనది. ఖాళీ బల్లను, నిండు బల్లను చూసి గిరాకీని అంచనా వేయడంలోని ప్రమాదానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. గిరాకీ తగ్గినప్పుడే బల్ల నిండుగా కళకళలాడుతుంది.

ఉత్సవ విగ్రహాలు

బల్ల మీద ముందువైపు ఉంచే యంత్రాన్ని బట్టి కూడా తొందరపడి నిర్ణయానికి రాకూడదు. ఎర్రని, నీలి రంగుల్లో మీటలు వెలిగే గేమింగ్‌ ల్యాప్‌టాప్‌ ఒకటి అన్నిచోట్లా ముందుంటుంది. ధర లక్ష రూపాయల చుట్టుపక్కల. కుర్రాళ్లు దాని చుట్టూ మూగి ఫొటోలు దిగుతారు. కొనేది మాత్రం దాని పక్కనున్న బూడిద రంగు యంత్రం. ముందున్నది ఉత్సవ విగ్రహం, అసలు మూలవిరాట్టు గోదాములో అట్టపెట్టెల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్‌ బల్ల దగ్గర మరో దృశ్యం తరచుగా కనిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన తండ్రి వెనుక నిలబడతారు. యంత్రాన్ని తాకరు. పాడైతే కట్టాలేమోనన్న సంకోచం. ధర అడిగేదీ ఆయన కాదు, పిల్లవాడు. ట్రాక్టరు కొనేటప్పుడు ఇంజిన్‌ శబ్దం విని లోపం చెప్పగల మనిషి ఇక్కడ మౌనంగా నిలబడాల్సి వస్తోంది. వెలగని తెర, మూగబోయిన మీటలు ఆ సంకోచాన్ని ఇంకా పెంచుతున్నాయి. వెలిగించి, తాకనిచ్చి, రెండు నిమిషాలు టైపు చేయనిస్తే కలిగే నమ్మకాన్ని ఆ వాయిదా బోర్డులు కలిగించలేవు.

బల్లపై నెలల తరబడి ఉన్న యంత్రాన్నే చివరకు ‘డిస్‌ప్లే పీసు’ పేరిట తగ్గింపు ధరకు అంటగట్టడం జరుగుతోంది. చార్జర్‌ గుచ్చి గుచ్చి బ్యాటరీ నీరసపడి ఉండే అవకాశం ఉంది. కొన్ని కంపెనీల రికార్డుల్లో వారంటీ, యంత్రం దుకాణానికి చేరిన నాటి నుంచే మొదలైనట్లు చూపిస్తుంది. సీరియల్‌ నంబరును ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకుంటే అక్కడికక్కడే బయటపడుతుంది. బిల్లు చూపించి తేదీ సరిచేయించుకోవచ్చు గానీ, అందుకు తిరగాల్సింది కొన్నవారే.

ఇక్కడ చూసి ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో కొనేవారు మరో వర్గం. బరువు ఎంత, తెర ఎంత, మీటలు ఎలా ఉన్నాయని దుకాణంలో చూస్తారు. పండుగ అమ్మకాల రోజుల్లో ఫోన్‌లో ఆర్డరు పెడతారు. బల్ల తన పని చేసింది, బిల్లు మాత్రం మరొకరికి పడింది. బల్లను వెలిగించడానికి వ్యాపారి మొగ్గు చూపకపోవడానికి ఇదీ ఒక కారణం.

ప్రదర్శనకు రాని గిరాకీ

అసలు గిరాకీలో పెద్ద భాగం ప్రదర్శనశాల గుమ్మమే తొక్కదు. వస్తు సేవల పన్ను 2017 జులై 1న అమల్లోకి వచ్చాక లెక్కలు కంప్యూటర్‌లో నడపక తప్పని పరిస్థితి మధ్యతరగతి వ్యాపారికీ ఏర్పడింది. ఈ-ఇన్‌వాయిస్‌ నిబంధన 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయలకు పైగా టర్నోవరు ఉన్న సంస్థలతో మొదలై, అంచెలంచెలుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్ల రూపాయలు దాటిన వారందరికీ వర్తించింది. పత్తి మిల్లులు, ఎరువుల డీలర్లు, పిడుగురాళ్ల సున్నం వ్యాపారులు, చిలకలూరిపేట జాతీయ రహదారి పక్క గోదాముల వారు ఈ పరిధిలోకి వచ్చే అవకాశం ఉన్నవారే. వీరెవరూ గొలుసు దుకాణంలో ల్యాప్‌టాప్‌ చూసి కొనరు. ఊళ్లో తెలిసిన అసెంబ్లింగ్‌ కుర్రాడికి ఫోన్‌ చేస్తారు. అతడు డెస్క్‌టాప్‌ బిగించి, ప్రింటరు కలిపి, ఖాతాల సాఫ్ట్‌వేర్‌ ఎక్కించి వెళతాడు. అతడి కొట్టు పదడుగుల గది. అక్కడ ప్రదర్శన అంటే గోడకు వేలాడే తీగలు, ఖాళీ మదర్‌బోర్డు డబ్బాలు. పెద్ద దుకాణంలో డెస్క్‌టాప్‌ మాయమైందని చెప్పేవారు ఈ గదిలోకి ఓసారి తొంగిచూడాలి.

ఆ గదుల్లో ముందువైపు కనిపించేది ప్రింటరు. జిరాక్స్‌ కేంద్రాలు, మీసేవ కేంద్రాలు, ఫొటో స్టూడియోలు, భూమి పత్రాలు తీసిచ్చే చిన్న కొట్లు సిరా ట్యాంకు ప్రింటర్లకు స్థిరమైన ఖాతాదారులు. పల్లెలో ఒక్క కంప్యూటర్‌, ఒక్క ప్రింటరు వందల ఇళ్లకు పనిచేస్తాయి. ఇంటింటి లెక్క తీస్తే ఈ గిరాకీ అసలు కనబడదు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సప్‌ ద్వారా ‘మన మిత్ర’ సేవలు ప్రారంభించింది. పత్రాలు ఫోన్‌కే వస్తున్నా కాగితం అడిగే కార్యాలయాలు తగ్గితే తప్ప ఈ కొట్లకు ఢోకా లేదు.

ప్రభుత్వ కొనుగోళ్లదీ అదే తీరు. 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు రాష్ట్రవ్యాప్తంగా 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంపిణీ చేశారు. అంతటి సంఖ్యలో ఒక్కటి కూడా ఏ ఊరి దుకాణం బల్లపై నుంచి వెళ్లింది కాదు. సచివాలయాలు, కళాశాలల ప్రయోగశాలల యంత్రాలు సైతం టెండర్ల దారినే వస్తాయి.

ఇంతకూ ఇళ్లలో కంప్యూటర్లు ఎన్ని? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి సుమారు 9.5 ఇళ్లలో కంప్యూటర్‌ గానీ ల్యాప్‌టాప్‌ గానీ ఉంది. ఇంటర్నెట్‌తో కూడినవి 3.1 శాతమే. 2017-18లో జరిగిన 75వ విడత జాతీయ నమూనా సర్వే నాటికి పట్టణాల్లో 23.4 శాతం కుటుంబాలకు కంప్యూటర్‌ ఉండగా, గ్రామాల్లో అది 4.4 శాతం. దేశం మొత్తానికి సంబంధించిన ఈ అంకెలు కరోనాకు ముందువి. అయినా గ్రామానికి, పట్టణానికి మధ్య ఐదు రెట్ల అగాధం ఉందన్న సంగతి గమనార్హం. మాచర్ల, వినుకొండ వైపు పల్లెల నుంచి వచ్చి కంప్యూటర్‌ సైన్స్‌ చదువుతున్న విద్యార్థి మొదటి సంవత్సరం ల్యాబ్‌లో గంటసేపు మాత్రమే మీటలు తాకి, మిగతా సాధన సెల్‌ఫోన్‌ తెరపై చేసుకోవడం ఈ అగాధపు ఫలితమే. బొటనవేళ్లతో ప్రోగ్రాము రాయడం ఎంత కష్టమో రాసినవారికే ఎరుక.

సందులోని పాత సరుకు

కొత్తది కొనలేనివారంతా ఇప్పుడు చేరుతున్నది పాత ల్యాప్‌టాప్‌ల కొట్లకే. హైదరాబాద్‌, బెంగళూరు కంపెనీల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన వ్యాపార శ్రేణి యంత్రాలను శుభ్రం చేసి, కొత్త డిస్కు వేసి, 15 నుంచి 25 వేల రూపాయలకు అమ్ముతున్నారు. ఇక్కడ బల్ల లేదు, వెలుగులు లేవు. పాఠ్యపుస్తకాల్లా ఒకదానిపై ఒకటి పేర్చిన నల్లని దొంతరలు. పెద్ద దుకాణం బల్లపై ఆరేడు యంత్రాలుంటే ఈ దొంతరల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. గట్టి శరీరం, విప్పి బాగుచేసుకునే వీలు ఉండటంతో సీనియర్‌ విద్యార్థులే జూనియర్లను ఇటు పంపుతున్నారు. పల్నాడులో కంప్యూటర్‌ గిరాకీ ఎంతో తెలుసుకోవాలంటే చూడాల్సింది ఈ దొంతరల ఎత్తును.

ప్రమాదమూ ఇక్కడే పొంచి ఉంది. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబరు 14న మద్దతు నిలిపివేసింది. విండోస్‌ 11కు ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం, ఆపై ప్రాసెసర్లు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. కంపెనీలు పాత యంత్రాలను వదిలించుకోవడానికి ఇదీ ఓ కారణం. అందుకే చవక సరుకు ఒక్కసారిగా పెరిగింది. 6, 7 తరాల యంత్రాల్లో అడ్డదారిన విండోస్‌ 11 ఎక్కించి ‘కొత్త విండోస్‌’ అని అమ్ముతున్న ఉదంతాలు ఉన్నాయి. తెరపై చూస్తే తేడా కనిపించదు. ఆ తర్వాత అప్‌డేట్లకు హామీ ఉండదు. విండోస్‌ 10లోనే ఉన్నవారికి వ్యక్తిగత వినియోగదారుల అదనపు భద్రతా పథకం కింద 2026 అక్టోబరు 13 వరకు గడువు ఉంది గానీ, దానికి నమోదు చేసుకోవాలి. నాలుగేళ్ల కోర్సు కోసం కొంటున్న యంత్రం ఏ తరానిదో అడగకుండా ధర ఒక్కటే చూసి కొంటే మొదటి ఏడాదిలోనే చిక్కులు తప్పవు. ప్రాసెసర్‌ పేరులో మొదటి అంకె లేదా అంకెలు తరాన్ని చెబుతాయన్న సంగతి కొట్లో ఎక్కడా రాసి ఉండదు. ఐ5-7200 అంటే 7వ తరం, ఐ5-8250 అంటే 8వ తరం. ధరలో తేడా మూడు నాలుగు వేలే అయినా ఆయుష్షులో తేడా అంతకు మించినది.

ఈలోగా ర్యామ్‌ ధరలు మంట పెట్టాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాల వైపు మెమరీ చిప్‌లు మళ్లడంతో 2025 చివరి నెలల నుంచి ధరలు అమాంతం పెరిగాయి. క్రూషియల్‌ పేరిట సాధారణ వినియోగదారులకు ర్యామ్‌లు, డిస్కులు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్‌ సంస్థ ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించింది. పెద్ద తెరల టీవీలు, ఏసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గి దుకాణాల ముందు బ్యానర్లు వెలిశాయి. ల్యాప్‌టాప్‌లపై పన్ను ముందు నుంచీ 18 శాతమే కావడంతో వాటి ధరలో మార్పేమీ లేదు. అసెంబ్లింగ్‌ గదుల్లో గోడపై రాసి ఉండే ర్యామ్‌ ధరల పట్టికను చెరిపేశారు. కొటేషన్‌ కాగితం అడుగున ‘ఈ ధర ఈ రోజుకే’ అని రాసిస్తున్నారు. మిర్చి యార్డు ధరలకు అలవాటుపడిన రైతు కుటుంబాలకు ఆ మాట ఇట్టే అర్థమవుతోంది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, రేపు రావాలా, ఇప్పుడే తేల్చుకోవాలా అని గుమ్మం బయట నిలబడి మాట్లాడుకుంటున్నారు.